నెత్తురు కట్టిన చరిత్ర – 6: పింజర కోరల్లోంచి మందు సీసాలోకి

పోయిన వారం పెరటి మందుల దగ్గర ఆగాం. చేలగట్ల మీద పెరిగే గడ్డిచామంతి ఆకు నలిపి పిండిన పసరు, సెలూన్‌లో గడ్డం గీశాక రుద్దే పటిక ముక్క, తాటిమట్టల మొదళ్లలో దొరికే గోధుమరంగు నూగు, కొడవలి తెగితే వంటింట్లోంచి పరుగున తెచ్చి అద్దే పసుపు చూశాం. వీటన్నిటికీ వెనక సుశ్రుతుడు చెప్పిన నాలుగు దారుల్నీ తడిమాం. వగరు మందులతో గాయపు అంచుల్ని దగ్గర చేర్చడం సంధానం. చల్లదనంతో నెత్తురు చిక్కబరచడం స్కందనం. భస్మాలతో చేసేది పాచనం. ఏదీ పనిచేయనప్పుడు కాల్చి నాళాన్ని ముడుచుకునేలా చేయడం దహనం.

ఈ సరంజామా అంతటికీ ఒక షరతుంది. గాయపడ్డవాడి నెత్తురుకి తనంతట తాను గడ్డకట్టే గుణం ఉండాలి. పటికైనా పసరైనా ఆ పనికి సాయం పట్టేవే. ఆ గుణమే పోయినవాడికి అవేం చేయగలవు?

కోనసీమలో ఇది పుస్తకాల్లో వేసుకునే ప్రశ్న కాదు. సార్వా కోతల్లో పన పట్టుకోబోయిన చేతినో, దింపు తీశాక రాశి పోసిన కాయల మధ్య తిరిగే కాలినో, చీకటిపడ్డాక చేలోంచి నడిచొస్తున్న మడమనో ఏదో చురుక్కుమనిపిస్తుంది. రాత్రిపూట పాము పేరెత్తడం మనవాళ్లకి ఇష్టముండదు. ‘పురుగు ముట్టింది’ అంటారు. కాసేపటికి కాలు వాస్తుంది. కొన్ని గంటల్లో చిగుళ్లలోంచి నెత్తురు చెమరుస్తుంది. మూత్రం ఎర్రగా వస్తుంది. ఆసుపత్రిలో సూది గుచ్చిన చోట దూది ఎంతసేపు అదిమిపెట్టినా ఎర్రబడుతూనే ఉంటుంది. ఇవి రక్తపింజర కాటుకు గుర్తులు.

నెత్తుటికి గడ్డకట్టే గుణాన్ని పోగొట్టే ఆ విషమే, గడ్డకట్టని నెత్తుటిని కట్టించడానికి సీసాలో పోసి అమ్మిన మందు కూడా అయింది. ఆ కథలో మొదటి అధ్యాయం మన తెలుగు తీరానిదే.

1781లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు తమ్ముడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చాడు. తమ్ముడు ఈస్టిండియా కంపెనీ అధికారి. అన్నగారు అప్పటికే సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్లు వైద్యం చేసి, అక్కడి ప్లేగును కళ్లారా చూసిన మనిషి. వయసు యాభై దాటింది. మరొకరైతే సముద్రపు గాలికి కూర్చుని విశ్రాంతి తీసుకునేవారు. ఆయన చెట్లు, చేపలు, పాములు చూడటం మొదలుపెట్టాడు. అప్పటిదాకా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా ఉన్న యోహాన్ కూనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆ ఉద్యోగం రస్సెల్‌కి వచ్చింది. రస్సెల్ తర్వాత అదే బాధ్యత సామర్లకోటలో ఉంటున్న విలియం రాక్స్‌బర్గ్‌కి దక్కింది. భారతదేశపు వృక్షశాస్త్రం, సర్పశాస్త్రం తొలి పాఠాల్లో పెద్ద భాగం ఇలా విశాఖకీ గోదావరికీ మధ్యనే రాసుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఒక్క పేరా అయినా చోటు ఉండాల్సింది.

రస్సెల్‌ని వేధించిన ప్రశ్న చాలా మామూలుది. ఏ పాముకు విషం ఉంది, ఏ పాముకు లేదు? తెలియక కొందరు నీరుకట్టు కరిచినా భయంతో కుంగిపోతున్నారు, ఇంకొందరు అసలైనదాన్ని తేలిగ్గా తీసుకుని చచ్చిపోతున్నారు. ఆయన పాముల్ని తెప్పించుకుని నోరు తెరిచి కోరలు చూశాడు, పొలుసులు లెక్కపెట్టాడు, కోళ్లకూ కుక్కలకూ కాటు వేయించి ఎంతసేపటికి ఏమవుతుందో రాసుకున్నాడు. ఆ రోజుల్లో పాముకాటుకి పేరుమోసిన మందు తంజావూరు గుళిక. అందులో పాషాణం ఉంటుంది. దాన్నీ పరీక్షించాడు. నమ్మదగ్గ ఫలితం కనపడలేదని తేల్చాడు.

1796లో లండన్‌లో అచ్చయిన ఆయన సర్పగ్రంథంలో రంగుల బొమ్మలతో పాటు పాముల పేర్లు తెలుగులో పిలిచేట్టుగానే ఆంగ్ల లిపిలో ఉన్నాయి. గోధుమరంగు ఒంటి మీద మూడు వరసల్లో గొలుసులా సాగే నల్లంచు మచ్చలున్న పాము అక్కడ ‘కాటుక రేకుల పొడ’. విషంలో దాన్ని తాచుపాము పక్కన నిలబెట్టాడు. మరుసటి ఏడాది జార్జ్ షా అనే శాస్త్రజ్ఞుడు దానికి రస్సెల్ పేరు కలిపి శాస్త్రనామం పెట్టాడు. నేటికీ ప్రపంచమంతా దాన్ని రస్సెల్స్ వైపర్ అంటుంది. పాముల్ని పట్టి తెచ్చిన చేతులు, వాటి తీరు ఆయనకి విడమరిచి చెప్పిన నోళ్లు మాత్రం మనవాళ్లవి. పుస్తకం మొదటి పుటలో ఉన్న పేరు ఒక్కటే. రస్సెల్ శ్రద్ధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఊరివాళ్ల మాటను ఉన్నదున్నట్టు రాసుకోబట్టే రెండు శతాబ్దాల తర్వాత మనం ఆ పాముని పోల్చుకోగలుగుతున్నాం. అయినా ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఆ పాములవాళ్లని విడిచిపెట్టి చెప్పకూడదు.

రస్సెల్ నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. 1852లో అది పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, కోనసీమ వరి గాదె అయింది. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పింజర. కొబ్బరితోటల్లో ఎండిన కమ్మలు, ఒలిచి పోగేసిన డొక్కలు, ఇంటి వెనక గడ్డిమేట్లు దానికి చల్లని చాటు. పైగా ఇది గుడ్లు పెట్టే పాము కాదు, పిల్లల్ని కంటుంది. వానాకాలం ముంగిట ఒక్కో ఈతకి ఇరవై ముప్ఫై పిల్లలు పుట్టొచ్చు. పుట్టిన క్షణం నుంచే ప్రతి పిల్లకీ విషం ఉంటుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి మనం మొక్కేది తాచుకే. పింజరకు పూజా లేదు, పడగా లేదు. దగ్గరికెళితే పెద్దగా బుసకొడుతుంది. మచ్చలు చూసి కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకోబోయి కాటు తిన్నవాళ్లున్నారు.

వైపర్ల విషానికీ నెత్తురు గడ్డకట్టడానికీ ఏదో సంబంధం ఉందని పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇటలీకి చెందిన ఫెలీచే ఫోంటానా గమనించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొంబాయి ప్రయోగశాలలో జార్జ్ లాంబ్ మన పింజర విషం మీదే పనిచేశాడు. జంతువు శరీరంలోకి ఎక్కువగా ఎక్కిస్తే నాళాల్లోనే నెత్తురు గడ్డకడుతోంది, తక్కువగా ఎక్కిస్తే తర్వాత అసలు గడ్డకట్టడమే మానేస్తోంది. ఒకే విషం రెండు ఎదురెదురు పనులు చేస్తోంది. ఇదెలాగో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక్కణ్నుంచి కథ లండన్‌కి మారుతుంది. సెయింట్ బార్తొలోమ్యూస్ ఆసుపత్రిలో గ్విన్ మాక్‌ఫర్లేన్ అనే కుర్ర వైద్యుడు హీమోఫిలియా రోగుల కోసం తపన పడుతున్నాడు. పుట్టుకతో నెత్తురు గడ్డకట్టని జబ్బు అది. తల్లుల ద్వారా సంక్రమించి చాలావరకు మగపిల్లల్ని పట్టుకుంటుంది. విక్టోరియా రాణి సంతతిలో యూరప్ రాజకుటుంబాల్ని వెంటాడింది, రష్యా యువరాజు అలెక్సీ బతుకంతా దాని నీడలోనే గడిచింది. రాజులకే దిక్కులేనప్పుడు మామూలువాళ్ల గతి చెప్పనక్కర్లేదు. 1930ల్లో హీమోఫిలియా ఉన్నవాడికి పిప్పిపన్ను పీకించుకోవడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. పన్ను ఊడొచ్చిన గుంటలోంచి రోజుల తరబడి నెత్తురు ఊరుతూనే ఉండేది. వైద్యుడు దూది కుక్కేవాడు, వేరేవాళ్ల నెత్తురు ఎక్కించేవాడు. ఆపైన చేయగలిగింది లేదు.

మాక్‌ఫర్లేన్ లండన్ జంతుప్రదర్శనశాల తలుపు తట్టాడు. అక్కడ సరీసృపాల విభాగం చూసే బర్జెస్ బార్నెట్ కూడా వైద్యం చదివినవాడే. ఇద్దరూ కలిసి రకరకాల పాముల విషాల్ని హీమోఫిలియా నెత్తుటితో కలిపి చూశారు. అన్నిటినీ మించి పనిచేసింది రస్సెల్స్ వైపర్ విషం, మన రక్తపింజరది. ఒక వంతు విషాన్ని పదివేల వంతుల ద్రవంలో కలిపినా గడ్డకట్టని ఆ నెత్తురు చూస్తుండగా గట్టిపడింది. ఆ ద్రావణంలో ముంచిన గుడ్డపీలికను పన్ను పీకిన గుంటలో అదిమిపెడితే నెత్తురు ఆగింది. 1934లో వాళ్లు ఈ ఫలితాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తర్వాత బరోస్ వెల్‌కమ్ కంపెనీ దాన్ని స్టిప్‌వెన్ పేరుతో మందుగా అమ్మింది.

రస్సెల్ విశాఖలో కోరలు పరీక్షించిన నాటికీ ఈ సీసాకీ మధ్య దాదాపు నూటయాభై ఏళ్లున్నాయి. ఆ పాముని మొదట బొమ్మగీసి పేరు రాసిపెట్టడానికీ, ఒక పిల్లవాడు పన్ను పీకించుకుని బతికి ఇంటికెళ్లడానికీ ఇంత దూరం పట్టింది.

ఆ విషం చేసే పని తర్వాత్తర్వాత తేటపడింది. నెత్తురు గడ్డకట్టడం ఒక్క దెబ్బకి జరిగే పని కాదు. ఒక పదార్థం మరొకదాన్ని లేపుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది. వరసగా ఇలా సాగి చివరికి ఫైబ్రినోజెన్ అనే కరిగి ఉన్న పదార్థం దారాల్లాంటి ఫైబ్రిన్‌గా మారి వల అల్లుకుంటుంది. ఆ వలలో నెత్తుటి కణాలు చిక్కుకుని గడ్డ తయారవుతుంది. హీమోఫిలియా రోగికి ఈ వరసలో ఎనిమిదో ఫ్యాక్టరో తొమ్మిదో ఫ్యాక్టరో కొరవడుతుంది. పింజర విషం ఆ రెంటితో పని లేకుండా తిన్నగా పదో ఫ్యాక్టర్‌ని లేపుతుంది. దానికి తోడు అయిదో ఫ్యాక్టర్‌ని కూడా కదిలిస్తుంది. విరిగిన మెట్టు మీద కాలు పెట్టకుండా దాని పైమెట్టు ఎక్కడం అన్నమాట. 1950ల్లో ఆ పదో ఫ్యాక్టర్ ఉందని తేల్చడంలో కూడా ఈ విషమే పనిముట్టు అయింది. ఏడో ఫ్యాక్టర్ లేనివాడి నెత్తురు పింజర విషంతో మామూలుగా గడ్డకట్టేది, పదోది లేనివాడిది కట్టేది కాదు. ఆ తేడాతోనే రెండు జబ్బుల్నీ విడదీశారు. 1964లో మాక్‌ఫర్లేన్ ఈ వరస అంతటినీ ఒక్క చిత్రంగా నేచర్ పత్రికలో ప్రకటించాడు. అదే ఏడాది అమెరికాలో డేవీ, రాట్‌నాఫ్ విడిగా అదే నిర్ణయానికి వచ్చారు. ఇప్పటికీ వైద్య విద్యార్థులు రక్తస్కందనం గురించి నేర్చుకునే పాఠానికి పునాది అదే.

స్టిప్‌వెన్ పైపూత మందు మాత్రమే. నాళంలోకి ఎక్కిస్తే మందు కాస్తా విషమవుతుంది. మోకాలి కీలులో నెత్తురు చేరి కుంటివాడవుతున్న పిల్లవాడికి అది ఏమీ చేయలేకపోయింది. ఆ పిల్లలకి దారి చూపింది 1960ల మధ్యలో జూడిత్ పూల్ అనే ఆవిడ ప్లాస్మాలోంచి వేరుచేసిన క్రయోప్రెసిపిటేట్. ఆ తర్వాత ఫ్యాక్టర్ ఇంజక్షన్లు వచ్చాయి. స్టిప్‌వెన్ మందుల అలమరలోంచి తప్పుకుంది. విషం మాత్రం ప్రయోగశాలలో స్థిరపడింది. పదేపదే గర్భస్రావాలవుతున్న స్త్రీకి, కారణం తెలియకుండా నాళాల్లో గడ్డలు కడుతున్న మనిషికి వైద్యులు రాసే పరీక్షల్లో ఒకటి పలుచన చేసిన రస్సెల్స్ వైపర్ విషంతోనే చేస్తారు. మన పంటిడాక్టర్లు వాడే బోట్రోక్లాట్ చుక్కలు ఈ వంశానివే అనుకోవచ్చు. అయితే అది పింజర విషం కాదు. దక్షిణ అమెరికాలో ఉండే బోత్రాప్స్ జాతి పాముల విషంలోంచి తీసిన హీమోకోయాగ్యులేజ్.

కోనసీమ పొలంలోకి మళ్లీ వద్దాం. ఒక్క చుక్కలో పదివేలో వంతు విషం పంటిగుంటలో నెత్తురు ఆపుతుంటే, పింజర కాటేసినవాడికి నెత్తురు ఎందుకు కారుతుంది? జవాబు మోతాదులో ఉంది, చోటులో ఉంది. మన వైద్య మార్గదర్శకాల ప్రకారం పింజర ఒక్క కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దించుతుంది. అది ఒళ్లంతా పాకి ఎక్కడ పడితే అక్కడ సన్నటి గడ్డలు కట్టిస్తుంది. శివారు చేలకి అందాల్సిన నీళ్లన్నీ పైలాకు దగ్గరే గండికొట్టి వదిలేసినట్టు, ఫైబ్రినోజెన్ అంతా అక్కరలేని చోట ఖర్చయిపోతుంది. నిజంగా గాయమైన చోట వల అల్లడానికి ఇక దారం మిగలదు. పైగా విషంలోని మరికొన్ని పదార్థాలు నాళాల గోడల్ని తినేస్తాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి. లాంబ్‌ని తికమకపెట్టిన రెండు ఎదురెదురు పనుల రహస్యం ఇదే.

అందుకే పాముకాటు వచ్చినప్పుడు వైద్యులు చేసే పరీక్షల్లో అన్నిటికంటే విలువైనది అన్నిటికంటే చౌకది. కొత్త గాజు పరీక్షనాళిక ఒకటి కావాలి. పొడిగా, శుభ్రంగా ఉండాలి. రోగి నాళంలోంచి అప్పుడే తీసిన రెండు మిల్లీలీటర్ల నెత్తురు అందులో పోసి కదపకుండా నిలబెడతారు. గడియారం చూస్తారు. సరిగ్గా 20 నిమిషాలయ్యాక ఒక్కసారి వంచుతారు. నెత్తురు ముద్దగా అడుగున నిలిచిందా, గడ్డకట్టే గుణం ఇంకా ఉంది. నీళ్లలా జారిందా, విషం దాన్ని తినేసింది. ప్లాస్టిక్ గొట్టంలో చేయకూడదు. సబ్బుతో కడిగిన నాళిక కూడా పనికిరాదు. గాజు తాకిడికి నెత్తురు గడ్డకట్టడం మొదలుపెడుతుంది, ప్లాస్టిక్, సబ్బు ఆ పనిని తప్పుదోవ పట్టిస్తాయి. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మారుమూల లంకలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయొచ్చు. ఇంత చిన్న పరీక్ష మీద ఇంత పెద్ద నిర్ణయం ఆధారపడటం వైద్యంలో అరుదు.

నెత్తురు జారితే యాంటీవెనమ్ పెడతారు. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి నెత్తుటిలో పుట్టిన ప్రతిరక్షకాల్ని వేరుచేసి తయారుచేసేది అది. మన దేశంలో దొరికేది నాలుగు పాములకి ఒకే మందు. తాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. పది మిల్లీలీటర్ల సీసా ఒక్కటి సుమారు 6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని చంపుతుంది. సగటు కాటు 63 మిల్లీగ్రాములన్నాం కదా. మొదటి విడతలోనే ఎనిమిది నుంచి పది సీసాలు ఎందుకు ఎక్కిస్తారో ఈ లెక్కే చెబుతుంది. అంతటితో కారడం టక్కున ఆగదు. ఖర్చయిపోయిన ఫ్యాక్టర్లని కాలేయం మళ్లీ తయారుచేయడానికి ఆరు గంటలు పడుతుంది. అందుకే ఆరేసి గంటలకొకసారి అదే గాజు నాళిక పరీక్ష. విషం నెత్తుటిలో తిరుగుతున్నంతసేపూ విటమిన్ కె గానీ, నెత్తురు ఆపుతుందని పేరున్న మరే ఇంజక్షన్ గానీ యాంటీవెనమ్‌కి బదులు కాలేదు.

ఆ విషాన్ని పాముల నుంచి తీసిచ్చేది ఎక్కువగా ఇరుళ గిరిజనులు. తమిళనాడులో మామల్లపురం దగ్గర 1978లో వాళ్ల సహకార సంఘం మొదలైంది. పాము చర్మాల వ్యాపారం మీద నిషేధం పడి బతుకుతెరువు పోయినవాళ్లు అదే నైపుణ్యంతో దేశానికి ప్రాణదాతలయ్యారు. రస్సెల్‌కి పాములు తెచ్చినవాళ్ల పేర్లు మనకి అందలేదు. వీళ్లని మాత్రం చరిత్ర పేరుపెట్టి గుర్తించింది, అది సంతోషం. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. పింజర విషం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ప్రాంతం మారితే, పాము వయసు మారితే విషం కూర్పు మారుతుందని బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. ఎక్కడి పాము విషంతోనో చేసిన మందు గోదావరి డెల్టా పాముకి ఎంత బాగా పనిచేస్తోందో ఇక్కడి విషంతోనే పరీక్షించాలి. డెల్టా విషాన్ని సేకరించే కేంద్రం మన రాష్ట్రంలోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం 2020లో లెక్కగట్టింది. ఏడాదికి 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2024లో కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లు, ఎందరో ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. మంత్రం వేయించడానికి వెళ్లిన రెండు గంటలు, పసరు కోసం తిరిగిన మూడు గంటలు పింజర విషానికి చాలు. కరిచిన చోట బ్లేడుతో కోసి విషం పిండేస్తామనేవాళ్లు ఇంకా ఉన్నారు. గడ్డకట్టే గుణం పోతున్న నెత్తుటికి కొత్తగా ఒక గాయం చేయడమంటే ఏమిటో ఇంతసేపూ చదివినవారికి వేరే చెప్పక్కర్లేదు. తాడుతో బిగించి కట్టినా ప్రమాదమే, కాలే పోవచ్చు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం చుట్టుపక్కల ఉన్న పాఠకులకి నా విన్నపం ఒకటే. పురుగు ముట్టిందని అనుమానం వస్తే కోయకండి, కట్టకండి, నడిపించకండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి. కాలో చేయో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండి మీద దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. పాముని చంపి వెంట తీసుకెళ్లాల్సిన పని లేదు. అక్కడికి చేరాక, గాజు నాళికలో ఇరవై నిమిషాల నెత్తుటి పరీక్ష చేశారా అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి.

(వచ్చే వారం: కాన్పులో ఆగని నెత్తురు, జపాన్ దంపతులు ఒకామోతోలు కనిపెట్టిన ట్రానెక్సామిక్ యాసిడ్)